కీమో జరుగుతుండగా నాన్న ఎందుకు నడవాలి

నాన్న ఆర్టీసీలో 33 ఏళ్ళు కండక్టరుగా పనిచేశారు. అందులో సగానికి పైగా విజయవాడ–బందరు రూటే. సంక్రాంతి రద్దీలో కాలు పెట్టే చోటు లేని బస్సులో కూడా ఎవరు పోరంకిలో ఎక్కారో, ఎవరికి ఎంత చిల్లర బాకీనో ఆయనకు గుర్తుండేది. టిక్కెట్టు వెనక రాసిచ్చిన బాకీని మరిచిపోయి దిగిపోతున్న ప్రయాణికుణ్ణి పిలిచి మరీ ఇచ్చేవారు. అలాంటి మనిషి నిరుడు శ్రావణంలో ఒక ఉదయం, పాల అబ్బాయి తిరిగిచ్చిన నోట్లు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడిపోయారు. ఒకసారి లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారి మధ్యలో ఆగి, "సరిపోయాయో లేదో నువ్వు చూడు తల్లీ" అని నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి పడుకున్నారు. మొత్తం 340 రూపాయలు. సరిగ్గానే ఉన్నాయి.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నాన్నకు ఎనిమిది సైకిళ్ళ (విడతల) కీమో రాశారు. మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ ఎక్కిస్తారు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు కేపసిటబీన్ మాత్రలు. పాల డబ్బుల సంగతి జరిగింది మూడో సైకిల్ తర్వాత. అప్పుడు ఆయన వయసు 73. నాలుగో దానికి వెళ్ళినప్పుడు డాక్టరుకు ఈ విషయం చెప్పాను. ఆయన మంచివారే, విన్నారు కూడా. కానీ బయట నలభై మంది వరసలో ఉన్నారు. "వయసు కదమ్మా, పైగా కీమో. బాగా విశ్రాంతి తీసుకోమనండి" అన్నారు. మేము ఆ మాటను అక్షరాలా పాటించాం. అంత శ్రద్ధగా పాటించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెదనాన్న కొడుకు పంపిన ఒక వార్త. వ్యాయామం చేస్తే క్యాన్సర్ తిరగబెట్టదని దాని శీర్షిక. "బాబాయికి చూపించండి" అని కింద రాశాడు. ఆ వార్త వెనక ఉన్న పరిశోధన గట్టిదే. ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో జరిగింది, 2025 జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళ పాటు శిక్షకులను పెట్టి వ్యాయామం చేయించారు. మిగతా సగానికి ఆరోగ్య సూచనల పుస్తకాలు ఇచ్చి ఊరుకున్నారు. ఐదేళ్ళ తర్వాత వ్యాయామం చేసిన వాళ్ళలో 80.3 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. రెండో గుంపులో 73.9 శాతం. ఎనిమిదేళ్ళకు బతికి ఉన్నవారు 90.3 శాతం, 83.2 శాతం. కొత్త మందుకు ఇంత ఫలితం వస్తే దాని ధర లక్షల్లో ఉండేది.

కానీ అది మా ఇంటి ప్రశ్నకు జవాబు కాదు. ఆ వ్యాయామం మొదలైంది కీమో అయిపోయాక. మా ప్రశ్న వేరు. కీమో నడుస్తోంది, మనిషి డెబ్బై దాటాడు, కాళ్ళతో పాటు బుర్ర కూడా మసకబారుతోంది. అప్పుడు ఏం చేయాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. కీమో తీసుకుంటున్న పెద్దవాళ్ళను "విశ్రాంతి తీసుకోండి" అన్న ఒక్క మాటతో ఇంటికి పంపడం వైద్యంలో లోపం. మందుల చీటీ మీద నడక కూడా రాయాలి. ఎంతసేపు, రోజుకు ఎన్నిసార్లు, ఏ రోజు వద్దు అన్న వివరాలతో సహా రాయాలి. నడిస్తే మతిమరుపు పోతుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకూడదు. ఆ ఆశకు తగిన ఆధారం ఇంకా లేదు. అది లేకపోయినా నడక ఎందుకు రాయాలంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మంచం దిగనివ్వని ప్రేమ

రెండో సైకిల్ తర్వాత మా మేనత్త చూడటానికి వచ్చింది. నాన్నకంటే ఆరేళ్ళు పెద్ద. మంచం పట్టె మీద కూర్చుని, ఆయన అరచేయి తన ఒళ్ళో పెట్టుకుని, "తమ్ముడూ, నువ్వు మంచం దిగావంటే నా మీద ఒట్టే" అంది. అమ్మకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మంచినీళ్ళు మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి, టీవీ రిమోటు దిండు పక్కకి. ఆయన లేవబోతే ఇద్దరం చెరో వైపు పరుగెత్తేవాళ్ళం. బత్తాయిలు, కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చిన ప్రతి ఒక్కరూ వెళ్ళేటప్పుడు "కదలకండి" అనే చెప్పి వెళ్ళేవారు.

నాన్నకు అది బాగానే ఉండేది. ముప్పై మూడేళ్ళు కదిలే బస్సులో నిలబడి బతికిన మనిషికి, కూర్చోమని ఎవరైనా అంటే అందులో ఒక గౌరవం ఉంది. ఆ తరం కష్టజీవులకు విశ్రాంతి ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. జబ్బు వచ్చాక ఇల్లంతా కలిసి ఇస్తుంటే కాదనడం వాళ్ళకూ కష్టమే.

ఆ విశ్రాంతి ఏం చేస్తుందో నాకు అప్పుడు తెలియదు. 2007లో అమెరికాలో కొద్దిమంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళను పది రోజుల పాటు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ళ సగటు వయసు 67. పది రోజుల్లో వాళ్ళ కాళ్ళలోంచి సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది. జబ్బు లేదు, కీమో లేదు, వాంతులు లేవు, పడుకున్నారు, అంతే. నాన్న కడుపు కోసిన గాయంతో, తిండి సహించకుండా, రెండు నెలలు అలా పడుకున్నారు. మూడో సైకిల్ నాటికి కుర్చీలోంచి లేవడానికి రెండు చేతుల ఊతం కావలసి వచ్చింది. స్నానాల గదికి గోడ పట్టుకుని వెళ్ళేవారు.

తలలో మార్పు ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. పగలంతా కునుకు తీసేవారు, రాత్రంతా మేలుకునేవారు. వాంతులు కాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ నిద్రను పాడుచేస్తుందని, సుగర్ పెంచుతుందని తర్వాత తెలిసింది. నిద్ర పట్టడం లేదంటే మా వీధి చివరి డాక్టరు అల్ప్రాజోలం రాశారు. పేపరు చదవడం మానేశారు. అడిగితే, "పై వరస చదివి కింద వరసకు వచ్చేసరికి పైది పోతోంది" అన్నారు. ఈ రోజు ఏ వారమని నన్ను రోజుకు రెండుమూడు సార్లు అడిగేవారు. అమ్మ మాత్రం "నీరసం" అనేది. మన ఇళ్ళలో ఆ ఒక్క మాట కింద చాలా జబ్బులు దాగి ఉంటాయి.

దీన్ని ఇంగ్లీషులో కీమో బ్రెయిన్ అంటారు. ఇది రోగుల భ్రమ అని ఒకప్పుడు కొట్టిపారేసేవారు. ఇప్పుడు అలా అనడానికి వీల్లేదు. 2017లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకున్న 581 మందిని, జబ్బు లేని 364 మందిని పోల్చారు. కీమో ముగిసిన ఆరు నెలలకు కూడా కీమో వాళ్ళలో 36.5 శాతం మంది తమ జ్ఞాపకం, ఏకాగ్రత మొదటికంటే బాగా తగ్గాయని చెప్పారు. రెండో గుంపులో అలా చెప్పినవారు 13.6 శాతం. 60 దాటిన స్త్రీల మీద ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ4 అనే జన్యు రకం ఉండి కీమో కూడా తీసుకున్నవారిలో ఈ తగ్గుదల ఎక్కువగా కనిపించింది. అందరికీ రాదు, వచ్చిన వాళ్ళందరికీ ఒకేలా రాదు. కానీ డెబ్బై దాటిన వాళ్ళకు ఈ ప్రశ్న వేయకుండా "వయసు కదా" అనేయడం నాకు ఇప్పుడు మింగుడుపడదు.

గడియారం బొమ్మ

నాలుగో సైకిల్ తర్వాత వేరే నగరంలో రెండో అభిప్రాయం కోసం వెళ్ళాం. అక్కడ పెద్ద వయసు క్యాన్సర్ రోగులను విడిగా చూసే చిన్న విభాగం ఉంది. ఒక యువ డాక్టరు నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. రిపోర్టులు తెరవకముందే, "బాబాయిగారూ, మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. అరటిపండు, సూర్యోదయం, కుర్చీ" అంది. తర్వాత ఒక కాగితం మీద గుండ్రం గీసి, "ఇది గడియారం. అంకెలు వేసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించండి" అంది.

అంకెలన్నీ చక్కగా వేశారు. పన్నెండు పైన, ఆరు కింద. తర్వాత పెన్ను ఎత్తి కొంచెంసేపు గాలిలో ఉంచారు. ఒక ముల్లు పదకొండు వైపు గీశారు. రెండోది పది వైపు గీశారు. గీసి చూసుకున్నారు. ఏదో తేడాగా ఉందని ఆయనకు తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. బొటనవేలితో ఆ గీతను రుద్దారు. సిరా చెదిరింది కానీ గీత పోలేదు. పక్కన నిలబడిన అమ్మ, "ఆయన ఒక్కరోజు కూడా డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళలేదమ్మా" అంది, ఎవరూ అడగకుండానే. మూడు మాటల్లో రెండు చెప్పారు. సూర్యోదయం గుర్తు రాలేదు. మొత్తం ఐదు మార్కులకు రెండు.

ఇది జబ్బు నిర్ధారణ కాదని, ఇంకా చూడాల్సినవి ఉన్నాయని చెప్పే పరీక్ష మాత్రమేనని ఆమె మాకు రెండుసార్లు చెప్పింది. మూడు నిమిషాల పని అది. తర్వాత ఇంకో అర నిమిషం పని. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసింది. ఆ వయసు మగవాళ్ళు కనీసం పన్నెండుసార్లు లేవాలట. నాన్న నాలుగుసార్లు లేచారు. మందుల సంచి బల్ల మీద బోర్లించమంది. ఒక్కొక్కటీ చూసి అల్ప్రాజోలం మెల్లగా తగ్గించి ఆపించింది. డెక్సామెథాసోన్ రోజులు తగ్గించింది, ఉదయానికి మార్చింది. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువని తేలి సూదులు మొదలుపెట్టింది.

చివరికి చీటీ మీద, మందుల పేర్ల కిందే, అదే అక్షరాలతో రాసింది: నడక, పూటకు పది నిమిషాలు, రెండు పూటలా. కుర్చీలోంచి లేవడం, ఐదేసి సార్లు, రోజుకు మూడు విడతలు. జ్వరం 100.4 దాటినా, తల తిరిగినా, ప్లేట్‌లెట్లు పడిపోయినా, ఎముకల్లో కొత్త నొప్పి వచ్చినా ఆపి ఫోను చేయాలి. దుకాణంలో మందులు ఇచ్చే కుర్రాడు ఆ వరస మీద కూడా వేలు పెట్టి, "ఇది మా దగ్గర దొరకదు సార్" అన్నాడు. ఆపరేషన్ తర్వాత నాన్న నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఇలా పెద్దవాళ్ళను తల నుంచి పాదం దాకా చూసి వైద్యం మలచడం వల్ల ఏమైనా ఒరుగుతుందా అన్నదానికి మంచి ఆధారమే ఉంది. అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న, 70 దాటిన 718 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. కాళ్ళ బలం, జ్ఞాపకశక్తి, మందుల సంఖ్య, ఇంట్లో ఆసరా వంటివన్నీ అందరి దగ్గరా కొలిచారు. ఒక గుంపు డాక్టర్లకు మాత్రమే ఆ వివరాలు, వాటిని బట్టి ఏం చేయాలన్న సూచనలు ఇచ్చారు. ఆ గుంపులో చికిత్స వల్ల తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చినవారు 51 శాతం, రెండో గుంపులో 71 శాతం. కింద పడిపోవడాలు కూడా తగ్గాయి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి క్లినిక్ నడుస్తోంది. మన జిల్లాల్లో కీమో ఎక్కించే చోట్ల, నేను తిరిగినంతలో, నాకు కనిపించలేదు.

ఆధారం ఎంతవరకు

ఇంటికి వచ్చాక నేను చదవడం మొదలుపెట్టాను. డాక్టర్‌ను కాను. అర్థం కానివి తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నాను.

కీమో సమయంలో వచ్చే అలసటకు వ్యాయామం పనిచేస్తుందన్నది దాదాపు తేలిన విషయం. 113 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో అలసటకు మందులకంటే వ్యాయామం, మానసిక సహాయం మెరుగ్గా పనిచేశాయి. ఆ పని చేసిన రోచెస్టర్ విశ్వవిద్యాలయం బృందమే, నడక, రబ్బరు పట్టీలతో ఇంట్లో చేసుకునే ఆరు వారాల పద్ధతిని కూడా తయారుచేసింది. దాన్ని కీమో తీసుకుంటున్న 355 మంది మీద పరీక్షించినప్పుడు చేతులు, కాళ్ళ తిమ్మిర్లు కూడా కొంత తగ్గాయి. ఆక్సాలిప్లాటిన్ ఆ తిమ్మిర్లనే తెస్తుంది, చల్లనిది తగిలితే మరీ ఎక్కువ, కాబట్టి అది తీసుకునే వాళ్ళ ఇంట్లో ఆ మాటకు ఎంతో విలువ. నాన్న అప్పుడు ఫ్రిజ్ తలుపు కూడా ముట్టుకోలేకపోయేవారు. 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, నయం చేసే ఉద్దేశంతో చికిత్స జరుగుతున్నప్పుడు రోగులకు నడక వంటి వ్యాయామాన్ని, కండరాల వ్యాయామాన్ని డాక్టర్లే సిఫారసు చేయాలని మార్గదర్శకాల్లో రాసింది.

బుర్ర విషయానికి వస్తే మాత్రం నేల అంత గట్టిగా లేదు. 2018లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, క్యాన్సర్ రోగులకు వ్యాయామం ఎందుకు పనికొస్తుందో ఒక్కొక్కటిగా తేల్చారు. అలసట, ఆందోళన, దిగులు, శరీర సామర్థ్యం వంటి వాటికి గట్టి ఆధారం ఉందన్నారు. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చేస్తే చాలన్నారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల దగ్గరికి వచ్చేసరికి ఆధారం చాలదని రాశారు. నేను ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను. మరోలా ఉంటే బాగుండునని అనిపించింది.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగిపోయాను. రొమ్ము క్యాన్సర్ బయటపడి రెండు నుంచి నాలుగేళ్ళు గడిచినా, కీమో తర్వాత మతిమరుపు వదలని 181 మంది స్త్రీలను తీసుకున్నారు. సగం మందితో ఆరు నెలల పాటు వారానికి నాలుగు గంటలు వ్యాయామం చేయించారు. జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. కానీ వ్యాయామం చేసినవాళ్ళు తమ బుర్ర మెరుగైందని చెప్పారు. అలసట తగ్గింది, బతుకు తేలికపడింది. ఇంకో సంగతి, మొదట్లో బాగా అలసటతో ఉన్నవాళ్ళను విడిగా చూస్తే, వాళ్ళకు పరీక్షల్లో కూడా మెరుగుదల కనిపించింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మంచిపని చేసినవాళ్ళకు మెరుగయ్యామనిపించడం సహజమే, కొలిస్తే ఏమీ లేదని అనేవాళ్ళున్నారు. ఆ మాటను కొట్టిపారేయలేను. కానీ నాన్న విషయంలో నేను చూసింది ఇంకోలా ఉంది. ఆయన బుర్ర నిలబడటానికి కింద ఎన్నో ఆసరాలున్నాయి. రాత్రి నిద్ర, పగటి ఆకలి, పాల అబ్బాయితో రెండు మాటలు, సందు చివర టీ కొట్టు దగ్గర పాత డ్రైవర్లతో కబుర్లు, కరెంటు బిల్లు తానే కట్టి రావడం. వీటిలో ఒక్కటీ మంచం దగ్గరికి రాదు. అన్నిటికీ కాళ్ళు కావాలి. కాళ్ళు పోతే ఆసరాలు ఒక్కొక్కటే పోతాయి, ఆ తర్వాత మిగిలినదాన్ని మనం మతిమరుపు అంటాం. నడక మెదడులో ఏం చేస్తుందో శాస్త్రవేత్తలు తేల్చేలోపు, నడక లేకపోతే మనిషి రోజులో ఏమేమి పోతాయో మనకు కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. నా వాదన అంతా ఇక్కడే ఉంది.

పైగా ఈ పరిశోధనల్లో ఎక్కువమంది యాభైల్లో ఉన్న, చదువుకున్న, రొమ్ము క్యాన్సర్ వచ్చిన పాశ్చాత్య స్త్రీలు. డెబ్బై మూడేళ్ళ కండక్టరు గురించి వాటిలో సూటిగా ఏమీ లేదు. ఆధారం చాలదంటే పని చేయదని కాదు, ఇలాంటి మనుషులను ఇంకా ఎవరూ అడగలేదని.

కానూరు, పోరంకి, గంగూరు

మొదటి రోజు డాబా మీద రెండు చుట్లు తిరిగారు. పాదాల చర్మం కేపసిటబీన్ వల్ల ఎర్రబడి మంట పెడుతోంది. నూలు మేజోళ్ళు, మెత్తని చెప్పులు వేసుకుని తిరిగారు. చల్లటి గచ్చు మీద కాలు పెడితే సూదులు గుచ్చినట్టు ఉంటుందని ఎండ కొంచెం ఎక్కాకే పైకి వెళ్ళేవాళ్ళం. చుట్టు తిరగడం ఆయనకు విసుగు. మూడో రోజు నేను ఊరికే, "నాన్నా, బెంజ్ సర్కిల్ తర్వాత స్టాపు ఏది?" అని అడిగాను. కానూరు అన్నారు. అప్పటినుంచి ఒక్కో చుట్టుకు ఒక్కో స్టాపు. కానూరు, పోరంకి, గంగూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు, గూడూరు, బందరు.

స్టాపు పేరు గుర్తు తెచ్చుకోవాలంటే ఆయన ఆగిపోయేవారు. నడిస్తే పేరు రాదు, పేరు కావాలంటే నడక ఆగాలి. దీని గురించి 1997లోనే స్వీడన్ పరిశోధకులు రాశారట: మాట్లాడాల్సి వచ్చినప్పుడు నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో కింద పడే అవకాశం ఎక్కువని. ఒకేసారి రెండు పనులకు బుర్ర చాలకపోవడం అది. కదిలే బస్సులో, ఏ ఆసరా లేకుండా నిలబడి, టిక్కెట్లు చింపుతూ, చిల్లర లెక్కపెడుతూ, డ్రైవర్‌కు విజిల్ వేసిన మనిషి ఆయన. ఆయన జీవితమంతా అదే పని.

ఒకరోజు పామర్రు తర్వాత గూడూరు అన్నారు. నిడుమోలు వదిలేశారు. అది అమ్మ పుట్టిన ఊరు. పెళ్ళికి ముందు అమ్మను చూడటానికి తన బస్సులోనే వెళ్ళి దిగిన ఊరు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి వంటింట్లో పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మూడు నెలలకు కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేచారు. గడియారం సరిగ్గా గీశారు. మూడు మాటలూ చెప్పారు.

నన్ను వదలని సందేహాలు

ఆ గడియారం సరిగ్గా రావడానికి నడక కారణమని నేను అనలేను. నిద్రమాత్ర ఆగింది. బి12 ఎక్కింది. డెక్సామెథాసోన్ తగ్గింది. తిమ్మిర్లు ఎక్కువయ్యాయని ఆరో సైకిల్ తర్వాత ఆక్సాలిప్లాటిన్ కూడా ఆపారు. ఒకేసారి ఇన్ని మార్చి, మనకు నచ్చినదానికి దండ వేయడం న్యాయం కాదు. బంధువుల గ్రూపులో ఎవరైనా "నడకతో మీ నాన్నగారి మతిమరుపు తగ్గిందట కదా" అంటే, వెంటనే బి12 సంగతి చెబుతాను. వాళ్ళ ఇంట్లో మనిషికి రక్తపరీక్ష చేయించకుండా చెప్పులు మాత్రం కొనిపెడతారేమోనని భయం.

రెండో సందేహం ఇంకా లోతైనది. ఆరో సైకిల్‌లో నాన్నకు విరేచనాలు పట్టుకుని ఐదు రోజులు లేవలేకపోయారు. ఆ తర్వాత రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోయాయని తెలిసినప్పుడు, "నేను ఐదు రోజులు నడవలేదు కదా, అందుకే" అన్నారు, తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని. నాకు ఒళ్ళు చల్లబడింది. తెల్లకణాలు మందు వల్ల పడతాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా మనసు తనమీదే నేరం వేసుకుంది. జబ్బుతో ఉన్న మనిషికి ఇంకో పరీక్ష పెట్టి, అందులో తప్పాననే బాధ కూడా మనమే తెచ్చిపెడితే ఎలా? ఆరోజు నుంచి చీటీలోని "ఆపాలి" అనే భాగాన్ని కూడా గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆగడం కూడా డాక్టరు రాసిందే అని ఆయనకు తెలియాలి.

కీమో వార్డులో పక్క కుర్చీలో మిర్చి కోతలకు వెళ్ళే ఒక పెద్దావిడ ఉండేది. అరవై అయిదు ఉంటాయి. నాన్న నడక సంగతి అమ్మ చెబుతుంటే విని, "పుట్టినప్పటి నుంచి ఒళ్ళు వంచి పనిచేసిందాన్నే. నాకు ఇంకా నడక ఏమిటమ్మా?" అంది. రెండు బస్సులు మారి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషి. నాకు జవాబు రాలేదు. వాళ్ళది ఒకే గది ఇల్లు, డాబా లేదు. ఎండాకాలం మా జిల్లాల్లో పది దాటితే ఎవరూ బయట నడవలేరు. తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె పనిలో ఉన్న కదలిక కూడా ఇప్పుడు ఆగిపోయింది, కోతలకు వెళ్ళడం లేదు, ఇంట్లో కోడలు కదలనివ్వడం లేదు. అంటే ఆమెకూ నాన్నకు జరిగిందే జరుగుతోంది. కానీ డాబా మీద చుట్లు తిరగమనడం ఆమెకు సరిపడే సలహా కాదు. కుర్చీలోంచి, లేదా మంచం అంచునుంచి లేచి కూర్చోవడం ఒక గది ఇంట్లో కూడా కుదురుతుంది. ఎవరైనా ఆమె బతుకు చూసి ఆమెకు రాసివ్వాలి. గడియారం బొమ్మ కూడా అంతే. బడికి వెళ్ళని మనిషి చేతికి పెన్ను ఇచ్చి గడియారం గీయమంటే తప్పు ఫలితం వస్తుంది. తెలుగువాళ్ళకు తగినట్టు మార్చిన జ్ఞాపకశక్తి పరీక్షలను హైదరాబాదు నిమ్స్‌లో పరిశోధకులు ఎప్పుడో వాడారు. అవి క్యాన్సర్ వార్డు దాకా రావాలి.

చీటీ మీద ఒక వరస

సమయం లేదని డాక్టర్లు అంటారు. నిజమే, నలభై మంది వరసను నేను కళ్ళారా చూశాను. కానీ మూడు మాటలు, కుర్చీలోంచి లేవడం కలిపి నాలుగు నిమిషాలు పట్టాయి. అది డాక్టరే చేయాలని కూడా లేదు. సెలైను పెట్టే నర్సమ్మ చేయగలదు, ఫిజియోథెరపిస్టు ఉంటే ఇంకా మంచిది. కీమో మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి చూస్తే చాలు. ప్రతి సైకిల్‌కు ముందు రక్తకణాలు లెక్కపెట్టకుండా ముందుకు వెళ్ళరు. మనిషి కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలడో, ఈ రోజు ఏ వారమో చెప్పగలడో కూడా ఆ ఫైల్లో ఒక మూల ఉండాలని అడుగుతున్నాను.

రాసి ఇవ్వాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన ఇళ్ళలో నోటిమాట నిలవదు. అత్తయ్య ఒట్టు ముందు నా సలహా ఏపాటిది? కానీ మందుల చీటీకి ఎదురు లేదు. ఆమె మళ్ళీ వచ్చి "ఏమిటిది, మనిషిని చంపుతారా?" అన్నప్పుడు అమ్మ ఏమీ వాదించలేదు. దేవుడి గూట్లోంచి ఆ చీటీ తీసి చూపించింది. అత్తయ్యకు చదవడం రాదు. "డాక్టరమ్మ రాసింది వదినా" అంది అమ్మ. అత్తయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసి, తనే మెట్లెక్కి డాబా మీదికి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

మొన్న ఆదివారం పొద్దున నాన్న ఆరు చుట్లు పూర్తిచేసి పామర్రు దగ్గర పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. చెమట పట్టింది. ఊపిరి కుదుటపడేదాకా రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాతి స్టాపు నేను అందించబోతుంటే అమ్మ నా మోచేయి పట్టుకుని ఆపింది. చాలాసేపే పట్టింది. నిడుమోలు అని, గోడ వదిలి మళ్ళీ నడిచారు.